భూగర్భ తైలాగారములు - కావలి యెవరిది?

పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపములందు రెడ్ హిల్ అను కొండ కలదు. ఆ కొండ గర్భమున అమెరికా నౌకాదళమువారు దాచియుంచిన విమాన తైలము 2021 సంవత్సరము నవంబరు మాసమున త్రాగునీటి బావిలో కలిసెను. నౌకాదళపు నీటిసరఫరాపై ఆధారపడియున్నవారు సుమారు 93,000 మంది. వారిలో అనేకులకు కొళాయి త్రిప్పినంతనే తైలపు వాసన ముక్కుపుటములకు తగిలెను. పిల్లలకు వాంతులు, పెద్దలకు శిరోవేదన, ఒడలిపై దద్దురులు పుట్టెను. వేలకొలది కుటుంబములు స్వగృహములను వీడి, నెలల తరబడి హోటళ్లలో తలదాచుకొనవలసివచ్చెను. బాధితులైనవారిలో అధికసంఖ్యాకులు ఆ సైనికుల భార్యాబిడ్డలే యనుట గమనింపదగిన విషయము.

ఆ నౌకాదళమునకు ధనము కొదువలేదు. వారికి తెలియని యంత్రశాస్త్రము లేదు. అయినను ఇట్టి విపత్తు ఎట్లు సంభవించినది? ఈ ప్రశ్నకు లభించు సమాధానము హవాయికి మాత్రమే పరిమితమైనది కాదు. మన గ్రామముల ప్రక్కను, పట్టణముల నడుమను నేల క్రింద పెట్రోలును, డీజిలును నిలువచేయుచున్న ప్రతి టాంకునకును అది వర్తించును. కావున పాఠకమహాశయులు ఆ కథను కొంచెము వివరముగా వినవలెనని కోరుచున్నాము.

1893లో రాణి లిలియుఒకలానీ పదభ్రష్టురాలయ్యెను. 1898లో అమెరికా ఆ ద్వీపములను తనలో కలుపుకొనెను. పెరల్ హార్బరు దాని నౌకాబలమునకు ఆయువుపట్టయ్యెను. 1940 మొదలు 1943 వరకు, శత్రువిమానముల కంటబడకుండుటకై, ఆ రేవునకు సమీపమున నున్న కొండను తొలిచి 20 టాంకులను నిర్మించిరి. ఒక్కొక్కటి 250 అడుగుల ఎత్తు, 100 అడుగుల అడ్డుకొలత గలది. ఒక్కొక్క దానిలో సుమారు 4 కోట్ల 70 లక్షల లీటర్ల తైలము పట్టును. లోపల పావు అంగుళము మందము గల ఉక్కురేకు, దాని వెలుపల కాంక్రీటు, దానికి ఆవల అగ్నిపర్వతశిల. ఈ టాంకుల అడుగునకు ఇంచుమించు 100 అడుగుల దిగువను హోనొలూలూ నగరమునకు నీరొసగు భూగర్భజలాశయము కలదు. తైలము పైన, త్రాగునీరు క్రింద! నిర్మాణకౌశలమున అది అద్భుతమే. కాని ఇనుము తుప్పు పట్టుననియు, జారిన ద్రవము పల్లమునకే పోవుననియు తెలియుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అవసరములేదు.

ఇక శాసనముల సంగతి. అమెరికా శాసనసభ 1984లో భూగర్భ తైలపు టాంకుల విషయమై చట్టము చేసెను. 1988లో ఆ చట్టము క్రింద నియమావళి వెలువడెను. దాని ప్రకారము వీథిమూలనున్న పెట్రోలు బంకు యజమాని తన టాంకునకు తుప్పు పట్టకుండ కాపుదల చేయవలెను. కారుటను కనిపెట్టు సాధనములమర్చవలెను. నష్టపరిహారమునకు హామీ చూపవలెను. 1998 డిసెంబరు 22వ తేదీలోగా పాత టాంకులను బాగుచేయుటయో, మార్చుటయో, మూసివేయుటయో జరుగవలెనని గడువు విధించిరి. ఇంత కఠినముగా నున్న ఆ నియమావళి, ఉన్నచోటనే కట్టిన మహా టాంకులకు మాత్రము ప్రధానమైన నిబంధనలనుండి మినహాయింపు నొసగెను. ఈ మినహాయింపు 2015 వరకు తొలగలేదు. అనగా 27 సంవత్సరముల కాలము చిన్న వర్తకుని చిన్న టాంకు చట్టమునకు లోబడియుండగా, ద్వీపమంతటిలోను మిక్కిలి పెద్దదియు, మిక్కిలి ప్రమాదకరమైనదియు నగు తైలాగారము తన యజమాని సంరక్షణకే విడువబడెను. చిల్లర దొంగను పట్టి గజదొంగను విడుచుట యని లోకులందురు. ఇచ్చట దొంగతనము లేదు గాని న్యాయము అదియే.

ఫలితము మెట్టుమెట్టుగా కనబడెను. 2014 జనవరిలో 5వ నంబరు టాంకునుండి సుమారు 27,000 గాలన్లు, అనగా లక్ష లీటర్లకు పైబడిన తైలము కొండలోనికి ఇంకిపోయెను. ఆ టాంకు అప్పుడే మరమ్మతు పొంది మరల నింపబడుచున్నది. కంట్రాక్టరు చేసిన వెల్డింగులో లోపములుండెను. ఆ పనిని పరీక్షించి పుచ్చుకొనవలసినవారి పరీక్షయందును లోపములుండెను. మట్టము తగ్గుచున్నదని హెచ్చరిక గంటలు మ్రోగినప్పుడు, యంత్రమే తప్పు చెప్పుచున్నదని ఉద్యోగులు తలచిరి.

2021 మే 6వ తేదీన గొట్టములలో ఒత్తిడి పెరిగి మరల తైలము చిందెను. చిందినది 1,618 గాలన్లని లెక్క వ్రాసిరి. వాస్తవమునకు సుమారు 20,000 గాలన్లు అగ్నినివారణకై అమర్చిన నీటిగొట్టములోనికి పోయి చేరెను. తైలపు చిట్టాకును, టాంకు మట్టమునకును పొసగలేదు. ఆ తేడా ఎచ్చటికి పోయినదని ఆరు మాసముల వరకు ఎవరును పట్టుపట్టి విచారింపలేదు. నవంబరు 20వ తేదీన సొరంగములో నడచు బండి ఆ గొట్టమునకు తగిలి, అది పగిలి, తైలము బావి పరిసరములకు ప్రవహించెను. నీటిలో వాసన వచ్చుచున్నదని ప్రజలు మొరపెట్టుకొనినప్పుడు సయితము, నీరు సురక్షితము కాదనుటకు సూచనలు లేవని మొదట పలికినవారు అధికారులే.

ఈ ఆపదను అరికట్టినవారెవరు? హోనొలూలూ నగర జలసంస్థవారు 2014 నుండియు హెచ్చరించుచునే యుండిరి. ఆ సంస్థ ప్రధాన ఇంజనీరగు ఎర్నీ లౌ తైలమును జలాశయముపైనుండి తొలగింపుడని పలుమారులు బహిరంగముగా పలికెను. 2021 డిసెంబరు ఆరంభమున ఆ సంస్థ తన ముఖ్యమైన హలావా బావిని ముందుజాగ్రత్తగా మూసివేసెను. డిసెంబరు 6వ తేదీన హవాయి రాష్ట్ర ఆరోగ్యశాఖ టాంకుల వాడుకను నిలిపివేయవలసినదని అత్యవసరాజ్ఞ జారీచేసెను. నౌకాదళము దానిని ప్రతిఘటించెను. ప్రజలు వీథులకెక్కిరి. తుదకు 2022 మార్చి 7వ తేదీన అమెరికా రక్షణమంత్రి ఆ తైలాగారమును శాశ్వతముగా మూయుదుమని ప్రకటించెను. 2023 అక్టోబరులో ప్రారంభించి, 10 కోట్ల గాలన్లకు పైబడిన తైలమును తోడివేసిరి. ఈ ప్రమాదములు నివారింపదగినవే యని నౌకాదళపు స్వంత విచారణయే ఒప్పుకొనెను. శిక్ష విషయమునకు వచ్చినచో, 2023లో పదవీవిరమణ చేసియున్న ముగ్గురు నౌకాసేనానులకు అభిశంసన పత్రములు పంపిరి. అంతకు మించి ఎవరి ఉద్యోగమును పోలేదు. 2025 మే నెలలో అచ్చటి న్యాయస్థానము 17 మంది వాదులకు కలిపి 6 లక్షల 80 వేల డాలర్లకు పైగా పరిహారము నిర్ణయించెను.

ఇందుండి మనము గ్రహింపవలసిన నీతి యొక్కటే. భూమిలో పాతిన తైలమునకు దాని యజమానియే కావలివాడుగా నుండరాదు. యజమాని దుర్మార్గుడని మా అభిప్రాయము కాదు. మన రైతులు పూర్వము ధాన్యమును పాతరలలో దాచుచుండిరి. పాతరకు చెమ్మ తగిలినదేమో యని రైతు మాటిమాటికి చూచుకొనును. ఏలయన చెడునది తన గింజ. తైలపు టాంకు విషయము వేరు. టాంకు చిల్లిపడినచో యజమానికి పోవునది కొద్ది లీటర్ల సరుకు. చెడునది పొరుగువాని బావి. టాంకును త్రవ్వితీసి పరీక్షించుటకు అగు వ్యయము కారిపోవు సరుకు వెలకంటె ఎక్కువ. కావున స్వలాభదృష్టితో చూచువానికి ఊరకుండుటయే లాభముగా తోచును. ఈ వైపరీత్యమును సవరించుటకే ప్రభుత్వపర్యవేక్షణము కావలయును.

కారుట యెంత రహస్యముగా జరుగునో చూడుడు. సెకనుకొక చుక్క చొప్పున కారినచో దినమునకు నాలుగు లీటర్లు, సంవత్సరమునకు 1,500 లీటర్లు నేలపాలగును. రెండు మీటర్ల వ్యాసము గల 20,000 లీటర్ల టాంకు సగము నిండియున్నప్పుడు కొలకర్రపై ఒక్క మిల్లీమీటరు భేదము పండ్రెండు లీటర్లకు సమానము. దినమునకు నాలుగు లీటర్ల నష్టము ఆ కర్రపై గీతకు అందదు. వేసవిలో ఆవిరియైపోయినదనియు, చలికి సంకోచించినదనియు సమాధానము చెప్పుకొనుటకు వీలుండును. కాని ముప్పది దినముల కొలతలను వరుసగా పేర్చి, కొన్నదెంత, అమ్మినదెంత, మిగిలినదెంత యని సరిచూచినచో నూరు లీటర్లకు పైబడిన లోటు దాగజాలదు. అందుచేత ఏనాటికానాడు కొలిచి పుస్తకము మూసివేయుట చాలదు. మాసాంతమున ఆ పుస్తకమును సంస్థకు సంబంధింపని మరియొకడు చదువవలెను.

కారినదాని ఫలితమును గూడ గణింపుడు. పెట్రోలులో బెంజీను అను ద్రవ్యము కలదు. అది రక్తమును చెరచి క్యాన్సరు కలిగించునది. మన దేశపు పెట్రోలులో నూటికి ఒక పాలు మించి బెంజీను ఉండరాదని నియమము. త్రాగునీటిలో లీటరునకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. ఈ రెండు అంకెలను కలిపి లెక్కించినచో, ఆ గరిష్ఠ పరిమాణము గల ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీను ఎనిమిది లక్షల లీటర్ల నీటిని ఆ హద్దునకు చేర్పగలదని తేలుచున్నది. భూగర్భమున వ్యాపించిన తైలమును మరల తోడుట యేండ్ల పని. బురద తొక్కి కడుగుకొనుటకంటె తొక్కకుండుటయే మేలను పంకప్రక్షాళన న్యాయము ఇచ్చట అక్షరాల వర్తించును.

పర్యవేక్షణమువలన ప్రయోజనమున్నదా యని సంశయించువారికి అమెరికా బంకుల చరిత్రయే ప్రత్యుత్తరము. 1984 చట్టము తరువాత ఆ దేశమున 18 లక్షలకు పైగా టాంకులు మూయబడెను. త్రవ్వి చూడగా బయటపడిన కారుటల సంఖ్య అయిదు లక్షలు దాటినది. అడిగినవాడు లేనంతకాలము ఇవన్నియు నేలలో నిశ్శబ్దముగా నుండినవే. 1986లో ఇంధనముపై గాలనుకు సెంటులో పదవవంతు పన్ను విధించి శుద్ధికార్యమునకు నిధి నేర్పరచిరి. 2005 చట్టముచేత ప్రతి టాంకును మూడేండ్లకొకసారియైనను తనిఖీ చేయవలెననియు, టాంకులను నిర్వహించువారికి శిక్షణ యుండవలెననియు నిర్ణయించిరి. అన్నిటికంటె శక్తిమంతమైన నిబంధన మరియొకటి: నియమము తప్పిన టాంకులో ఎవరును తైలము పోయరాదు. జరిమానా వేసినచో యజమాని వ్యాజ్యమాడును, వాయిదాలు కోరును. లారీ వచ్చి సరుకు దింపక తిరిగిపోయినచో మరునాడే మరమ్మతు చేయించును.

ఇక మన యింటి సంగతి. ఇప్పుడు భారతదేశమున ఇంచుమించు ఒక లక్ష పెట్రోలు బంకులున్నవి. వానిలో అధికభాగము ప్రభుత్వరంగ తైలసంస్థలవి. ఇవిగాక బస్సు డిపోలకు, రైల్వేలకు, కర్మాగారములకు వేరుగా టాంకులున్నవి. వీనికన్నిటికి ఆధారమైన శాసనము 1934 నాటి పెట్రోలియము చట్టము. అది పరప్రభుత్వము మనకు విడిచిపోయిన ఆస్తి. దాని ప్రధానదృష్టి అగ్నిభయము. దాని క్రింద లైసెన్సు లిచ్చు శాఖయు చిరకాలము పేలుడు పదార్థముల శాఖగనే పేరొందినది. 2002 నాటి నియమావళిలో తైలము మురుగుకాలువలకును, నదులకును జారకుండ జాగ్రత్తపడవలెనను మాట లేకపోలేదు. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులు పాఠశాలలకు, ఆసుపత్రులకు, నివాసస్థలములకు 50 మీటర్ల దూరముననుండవలెననియు, ఎట్టి పరిస్థితులలోను 30 మీటర్లకు తగ్గరాదనియు మార్గదర్శకములు వెలువరించినది. ఇవి మంచి ప్రారంభములే. కాని దూరము కొలిచిన టేపు భూమిలోనికి దిగదు. 50 మీటర్ల దూరము గాలికి చాలునేమో గాని, పారు నీటికి చాలదు.

2002లో చేయబడిన నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము మన రైతు బోరు వేయుటకు అనుమతి పొందవలెను. ఉన్న బావిని నమోదు చేయించుకొనవలెను. భూగర్భజలము సర్వజనుల సొత్తు గనుక ఈ నిర్బంధమును మేము తప్పుపట్టము. నీటిని తోడుకొనువానికి ఇన్ని నిబంధనలుండగా, ఆ నీటిపై తైలమును నిలువచేయువానిని నీటి పరీక్ష చూపుమని ఏటేట అడుగుటకు సంకోచమేల?

విశాఖపట్టణపు వారికి ఈ విషయము మరింత దగ్గరిది. అచ్చట కొండరాతిలో తొలిచిన గుహలయందు 13 లక్షల 30 వేల టన్నుల ముడితైలమును నిలువయుంచు ఆగారము 2015లో ప్రారంభమైనది. దాని పద్ధతి రెడ్ హిల్ పద్ధతి కాదు. అచ్చట ఉక్కుతొడుగు లేదు. చుట్టునున్న రాతిలోని నీటి ఒత్తిడియే తైలమును వెలికి పోనీయక లోపలికి నెట్టియుంచును. శాస్త్రసమ్మతమైన పద్ధతియే. దానియందు లోపము కలదని మేము చెప్పుటలేదు. కాని అచ్చట తైలమునకు గోడ నీరే గనుక, ఆ నీటిమట్టము తగ్గకుండుటయే దేశభద్రతకును, నగరారోగ్యమునకును గూడ మూలము. ఆ పరిశీలక బావుల మట్టములను, నీటి పరీక్షల ఫలితములను కట్టిన సంస్థ తాను చూచుకొనుటతో సరిపుచ్చక, రాష్ట్ర భూగర్భజలశాఖవారు స్వయముగా కొలిచి, నగరప్రజలకు తెలుపుచుండవలెను. దేశరక్షణ రహస్యమను మాట తైలపు పరిమాణమునకు వర్తించునేమో; ప్రక్కబావిలోని నీరెట్లున్నదను విషయమునకు వర్తింపదు. రెడ్ హిల్ యందు రహస్యమువలన రక్షణ బలపడలేదు. తుదకు తైలాగారమే పోయినది.

మేము కోరునవి కొన్ని మాత్రమే. ఒకటి, ప్రతి భూగర్భ తైలపు టాంకుకు ఒక జాతకపత్రముండవలెను: ఎన్నడు పాతిరి, ఏ లోహము, ఒంటి గోడయా జంట గోడయా, చివరి పరీక్ష యెన్నడు జరిగెను. ఈ పట్టిక పంచాయతీ కార్యాలయమునను, పురపాలక కార్యాలయమునను ఎవరు కోరినను చూపబడవలెను. రెండు, టాంకుల చెంత పరిశీలక బావి త్రవ్వి, సంవత్సరమునకు ఒకసారియైనను సంస్థకు సంబంధింపని ప్రయోగశాలయందు నీటిని పరీక్షింపజేయవలెను. మూడు, ఇప్పటికే ప్రతిదినము వ్రాయుచున్న నిలువ పుస్తకమును కల్తీ కనిపెట్టుటకు మాత్రమే గాక కారుట కనిపెట్టుటకును మాసమాసము సరిచూడవలెను. హద్దు మించిన లోటును దాచుట నేరముగా నెంచవలెను. నాలుగు, పరీక్షలో తప్పిన టాంకులో తైలము దింపరాదు. అయిదు, ఈ నియమముల నుండి ఏ ప్రభుత్వశాఖకును, ఏ సేనావిభాగమునకును మినహాయింపు కూడదు.

దీనికి రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. మొదటిది వ్యయము. చిన్న డీలరు ఈ బరువును మోయలేడని యందురు. నిజమే, ఒక్కనిపై మోపరాదు. 2023-24 సంవత్సరమున మన దేశము 12 కోట్ల టన్నులకు పైబడి పెట్రోలు, డీజిలు వాడినది. లీటరునకు ఒక్క పైసా ప్రత్యేకించినను ఏటా 150 కోట్ల రూపాయలు సమకూరును. ఆ నిధితో పాత టాంకులను మార్చుటకు సహాయము చేయవచ్చును. చెడిన బావులను శుద్ధిచేయవచ్చును. యజమాని యెవరో తెలియని పాడుబడిన టాంకులను తీయింపవచ్చును. రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. కొత్త తనిఖీదారు అనగా కొత్త మామూలే గదా యని జనులు నవ్వుచున్నారు. ఆ నవ్వులో అనుభవమున్నది. అందుచేతనే తనిఖీ ఫలితములను గదిలో దాచక గోడపై అంటింపుడని కోరుచున్నాము. అధికారి కన్ను మూసికొనినను, బావి గల పొరుగువాడు చదువుకొనగలిగిన కాగితముండవలెను. కావలివానికి కావలి ప్రజలే.

పరపాలకుల కాలమున, ప్రభుత్వము చేయు ఏర్పాట్లను ప్రశ్నించుట రాజద్రోహముగా నెంచబడుచుండెను. నేడు తైలసంస్థలు మనవి, చట్టసభలు మనవి, నీరును మనదే. స్వంతమైనది గదా యని కన్నుమూయుట స్వరాజ్యధర్మము కాదు. స్వంతమైనది గనుకనే గట్టిగా చూచుకొనవలెను. హవాయి ప్రజలు కొళాయిలో తైలము చూచిన పిమ్మట మేల్కొనవలసివచ్చెను. మన బావులింకను తేటగా నున్నచోట్ల ఈ యేర్పాటు ముందుగనే జరుగుగాక. పురపాలక సంఘములును, పంచాయతీలును తమ పరిధిలోని టాంకుల పట్టికను కోరుచు వెంటనే తీర్మానములు చేయవలెను. శాసనసభ్యులు రానున్న సమావేశమున ఈ ప్రశ్నను లేవనెత్తవలెను. బావి గల ప్రతి గృహస్థును వారిని అడుగవలెను.